ఛాతీ తెరవకముందే

1933 ఏప్రిల్ 5. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం, బార్న్స్ ఆసుపత్రి. బల్ల మీద పడుకున్నది కూడా డాక్టరే. పిట్స్‌బర్గ్‌లో పురుళ్లు పోసే జేమ్స్ గిల్మోర్, వయసు 48. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో క్యాన్సర్. ఆ భాగం వరకూ తీస్తే చాలనుకున్నారు సర్జన్ ఎవార్ట్స్ గ్రాహం. ఛాతీ తెరిచాక చూస్తే ఆ భాగం ఒక్కటే తీయడం కుదరదని తేలింది. అక్కడికక్కడే తేల్చుకుని ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. గిల్మోర్ మరో ముప్పై ఏళ్లు బతికారు.

గ్రాహం సంగతి వేరుగా ముగిసింది. సిగరెట్టుకూ ఈ జబ్బుకూ ఉన్న ముడిని 1950లో ఎర్నెస్ట్ విండర్‌తో కలిసి 684 మంది రోగుల లెక్కలతో చూపిన మనిషి, తానూ ఏళ్ల తరబడి పొగ తాగినవారే. 1957లో ఆయనకు క్యాన్సర్ బయటపడేసరికే రెండు ఊపిరితిత్తులకూ పాకింది. కత్తికి చోటు లేదు.

ఎవరికి కోయాలి, ఎవరికి కోయకూడదు? ఛాతీ తెరిస్తే గానీ తెలియని రోజులవి. తెరవడం, లాభం లేదని మళ్లీ కుట్టేయడం. రోగికి మిగిలిన కొద్ది రోజుల్లో కొన్ని ఆ గాయం మానడానికే పోయేవి. నన్ను బాధపెట్టేది ఈ వృథా కోతే.

దీన్ని చాలావరకు తగ్గించిన దారి 1959లో స్వీడన్ వైద్యుడు ఎరిక్ కార్లెన్స్ చూపారు. గొంతు గుంట దగ్గర చిన్న కోత పెట్టి, శ్వాసనాళం వెంట గొట్టం దించి, లింఫ్ గ్రంథుల ముక్కలు తీసి పరీక్షించడం. క్యాన్సర్ అవతలి వైపు గ్రంథులకు చేరిందంటే సాధారణంగా ఆపరేషన్ ఊసెత్తరు.

గడ్డ తీయడానికి వీలున్నా, మిగిలిన ఊపిరితో మనిషి నెగ్గుకురావాలి. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఎంత గాలి బయటికొస్తుందో కొలుస్తారు. ఊపిరితిత్తి మొత్తం తీయాలంటే 2 లీటర్లు, ఒక భాగానికైతే 1.5 లీటర్లు ఉండాలన్నది పాత లెక్క. రోగి పక్కనే మెట్లెక్కుతూ ఆయాసం గమనించిన సర్జన్లూ ఉన్నారు.

ఇప్పుడు క్యాన్సర్ ఉన్న చోట్లు వెలిగేలా చూపే పెట్ స్కాన్ వచ్చింది. కానీ క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో దాన్ని ఒక్కదాన్నే నమ్మడానికి లేదు. టీబీ పట్టిన గ్రంథి కూడా స్కాన్‌లో క్యాన్సర్‌లాగే వెలుగుతుంది. ముక్క తీసి చూడకుండా, ఆ వెలుగు చూసి ఆపరేషన్ లేదనేస్తే, నయమయ్యే మనిషిని చేతులారా వదిలేసినట్టే.