పెరోల్‌లో ఉండగా తుపాకీ కేసు: వాదన ఎక్కడ మొదలవుతుంది?

పెరోల్‌పై వచ్చిన ఖైదీ ఇంట్లో తుపాకీ దొరికితే రెండు చిక్కులు ఒకేసారి వచ్చిపడతాయి. పెరోల్ రద్దు ప్రభుత్వం చేతిలోని పని. దానికి కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఆయుధ కేసు వేరు. అక్కడ నేరం రుజువు చేయవలసింది ప్రాసిక్యూషనే. పాత శిక్ష ఆ భారాన్ని తగ్గించదు.

లైసెన్సు లేని తుపాకీ కలిగి ఉంటే 1959 ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, 2 నుంచి 5 ఏళ్ల జైలు, జరిమానా.

వాదనకు ఆయువుపట్టు ఎరుకతో కూడిన స్వాధీనం. ఇంటి చూరులో నాటు తుపాకీ దొరికితే ఆ సంగతి నిందితునికి తెలుసా, దానిపై అతనికి అదుపు ఉందా అన్నదే ప్రశ్న. సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులోను, 1994లో సంజయ్ దత్ కేసులోను ఈ ఎరుక తప్పనిసరి అని తేల్చింది. ఏళ్లుగా జైలులో ఉండి నాలుగు రోజుల కిందట వచ్చిన మనిషికి, నలుగురు మసలే ఇంట్లో, ఇది చిన్న వాదన కాదు.

పలువురు గమనించనిది 39వ సెక్షన్. లైసెన్సు లేని ఆయుధం కేసులో జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి లేనిదే ప్రాసిక్యూషన్ ప్రారంభించరాదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను వీడియో తీయాలి. న్యాయవాది దానిని అడిగి తీరాలి.

కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది.