పత్తి చేల మీద మోటారు లేని రెక్క

దొనకొండలో బ్రిటిషు వాళ్లు వదిలిపోయిన విమానాశ్రయం సంగతి ప్రకాశం జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులేసి పోయాయి, కోస్తా అంతా హడలిపోయి ఉన్న కాలం. యుద్ధం అయిపోయింది, తెల్లవాళ్లు పోయారు, రన్‌వే మిగిలింది. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఎక్కడని వెతుకులాట మొదలైనప్పుడు దొనకొండ పేరు మళ్లీ పైకొచ్చింది, కొన్నాళ్లకి సద్దుమణిగింది. మా జిల్లాల్లో ఆకాశానికి సంబంధించిన ఏ పనైనా ఇంతే. పైనున్నవాళ్లు వాళ్ల అవసరానికి తెస్తారు, అవసరం తీరాక మనకి ఖాళీ జాగా మిగులుతుంది.

నేను రాసేది అంత పెద్ద విమానాల గురించి కాదు. రెండు మీటర్ల రెక్క, కిలోకి లోపు బరువు, మోటారు లేదు. నేల మీద నిలబడ్డ మనిషి చేతిలో రేడియో. దీన్ని రిమోట్ గ్లైడరు అంటారు. నేను చిలకలూరిపేటలో పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎండాకాలం ఆదివారాల్లో కొందరు కుర్రాళ్లని వెంటేసుకుని పత్తి చేలల్లో ఈ ఆట ఆడుతుంటాను. దాన్ని క్లబ్బు అనే పిలుచుకుంటాం గానీ దానికి రిజిస్ట్రేషనూ లేదు, బోర్డూ లేదు. ఇంత చదునైన నేల, ఇంత ఖాళీ ఆకాశం ఉన్న గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోకి ఈ ఆట ఎందుకింత ఆలస్యంగా వచ్చిందన్నది నన్ను చాలాకాలం తొలిచిన ప్రశ్న. నాకు తేలిందేమంటే, నేలా గాలీ ఎప్పుడూ అడ్డం రాలేదు. అడ్డమంతా రేడియోతోనే.

ముందు నేల సంగతి. మొదటిసారి చూసిన రైతు ఎవరైనా అడిగేది ఒకటే: "ఇంజనే లేదంటన్నారు, మరెట్టా పైకి పోద్ది మాస్టారూ?" నేను ఆకాశంలో తిరిగే గద్దని చూపిస్తాను. రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోయే గద్ద కింద ఏముందో చూడమంటాను. ఎక్కువసార్లు కింద కనపడేది పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేనో, మిరపకాయలు ఆరబోసిన కల్లమో అవుతుంది. నల్లనేల ఎండని తాగుతుంది. పక్కనే తడి పెట్టిన పచ్చటి చేను ఉంటే అది చల్లగా ఉంటుంది. వేడెక్కిన గాలి ఈ రెంటి హద్దు దగ్గర నేలనొదిలి బుడగలా లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. మంచి గ్లైడరు నిశ్చలమైన గాలిలో సెకనుకి అర మీటరు చొప్పున దిగుతుంది. థర్మల్ అంతకు రెండు మూడు రెట్ల వేగంతో పైకి పోతుంటుంది. కనక గ్లైడరు ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది, అది జారుతున్న గాలి మాత్రం అంతకన్నా జోరుగా పైకి పోతుంటుంది. కల్లం పక్కన ఎగరేస్తే కళ్లు మండుతాయి, తుమ్ములొస్తాయి. అయినా లేచే గాలి కావాలంటే అక్కడికే పోవాలి.

ఒక్క చిక్కుంది. మధ్యాహ్నం దాటాక బాపట్ల, సూర్యలంక వైపు నుంచి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. మనుషులకి ప్రాణం లేచొస్తుంది గానీ ఆ చల్లగాలి పరుచుకుంటే థర్మల్స్ తెగిపోతాయి. అందుకని మా ఆటంతా పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం పన్నెండుకీ నడుమనే. మార్చిలో కట్టె పీకిన దగ్గర్నుంచి తొలకరి దాకా చేలు ఖాళీ. మే నెలలో నెర్రెలిచ్చిన రేగడిలో నడవడం చేతగాక కుర్రాళ్లు మడమలు మెలిపెట్టుకుంటారు, అది వేరే సంగతి.

ఇక రేడియో సంగతి. మోటారు లేని విమానాల చరిత్రలో నాకు ఎప్పుడూ వింతగా అనిపించే సంగతొకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1919లో వర్సాయి ఒప్పందం పెట్టిన ఆంక్షల్లో ఇంజను విమానాల మీది ఆంక్షలూ ఉన్నాయి. అక్కడి కుర్రాళ్లు ఊరుకున్నారా? 1920 నుంచి వాసర్‌కుప్ప కొండ మీద ఏటేటా ఇంజను లేని గ్లైడర్ల పోటీలు పెట్టుకున్నారు, గ్లైడింగ్ ఒక విద్యగా ఎదిగింది అక్కడే. ఇంజను మీద నిషేధం అక్కడ ఒక ఆటని పుట్టిస్తే, రేడియో మీద కట్టడి మన దగ్గర ఒక ఆటని పుట్టకుండా ఆపింది. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవలలు 1930ల చివర్లోనే 'గఫ్' అనే నమూనా విమానాన్ని రేడియోతో నడిపించారు. ఆ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మనకి 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఉండేది. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. పాటలు వినే రేడియోకి కూడా పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు కట్టిన తరం మాది. సంకేతాలు పంపే సెట్టు కావాలని పల్లెటూరి కుర్రాడు అడిగితే పోలీసులు ఇంటికొస్తారనుకునేవాళ్లు. పైగా దిగుమతి ఆంక్షలు. 1991 దాకా విదేశీ సెట్టు కొనడం మా బోటివాళ్ల ఊహకి అందేది కాదు.

అలాగని దేశంలో గ్లైడర్లు లేవని కాదు. పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రంలో రూపొందిన అశ్విని అనే ఇద్దరు కూర్చునే గ్లైడరు 1958లో ఎగిరింది, 1961లో రోహిణి వచ్చింది. ఎన్‌సీసీలో ఎయిర్ వింగ్ 1950 నుంచి ఉంది, అందులో ఏరో మోడలింగ్ ఒక పాఠం. ఏటా జరిగే వాయుసైనిక్ క్యాంపులో నమూనా విమానాల పోటీలు ఇప్పటికీ ఉన్నాయి. నేను హైదరాబాదులో చదువుకుంటూ ఎయిర్ వింగ్ కేడెట్‌గా ఉన్నప్పుడే బాల్సా చెక్క మొదటిసారి ముట్టుకున్నాను. రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే బరువు తెలియని చెక్క. ఎక్కడో దక్షిణ అమెరికాలో పెరిగే చెట్టు. సెలవలకి ఊరొచ్చి అలాంటిదొకటి చేద్దామంటే బాల్సా ఎక్కడ దొరుకుతుంది? మా అమ్మమ్మ చెబితే పెళ్లి బాసికాలు కట్టేవాళ్ల దగ్గరికి వెళ్లి జీలుగుబెండు తెచ్చాను. చెరువుల్లో పెరిగే మొక్క బెరడు గీస్తే లోపల తెల్లగా, మెత్తగా ఉండే బెండు అది. పదునైన బ్లేడుతో పొరలు పొరలుగా కోసి, అన్నం మెతుకుల జిగురుతో అతికించి, రెక్క ముందంచుకి వెదురు పుల్ల కట్టి, ముక్కు మీద ఇనప మేకు చుట్టి విసిరితే వీధి చివరి దాకా పోయింది. వంపు భరించలేదు, రెక్క పొడుగైతే ఫటుక్కున విరుగుతుంది. అయినా మూరెడు రెక్క దాకా బాల్సాకి తీసిపోదు. ఇవాళ పిల్లలు థర్మకోలు షీటుతోనూ, ఫ్లెక్సీల వెనక వాడే ప్లాస్టిక్ షీటుతోనూ చేస్తున్నారు. నేను మాత్రం కొత్తగా వచ్చినవాడెవడైనా సరే ముందు బెండుతో ఒకటి చెయ్యమంటాను. బరువు కేంద్రం ఎక్కడుండాలో చేతికి తెలియాలంటే తప్పుల్ని క్షమించని వస్తువుతోనే నేర్చుకోవాలి.

ఎన్‌సీసీ పాఠం మా మైదానాల్లో ఎందుకు నిలవలేదంటే, నేర్చుకున్న కేడెట్ సర్టిఫికెట్ తీసుకుని ఉద్యోగానికి పోతాడు. గుంటూరు కుర్రాడైతే మరీనూ, హైదరాబాదు పోతాడు, అక్కణ్ణుంచి అమెరికా పోతాడు. క్యాంపు ముగిస్తే విద్య కూడా పెట్టెలో పెట్టేసినట్టే.

2005లో రెండు ఉత్తర్వులొచ్చాయి. 27 మెగాహెర్ట్జ్ దగ్గరి సిటిజన్ బ్యాండునీ, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండునీ తక్కువ శక్తి పరికరాలకి లైసెన్సు లేకుండా వదిలారు. పేపర్లలో మూలన పడ్డ వార్త, మా ఆటకి మాత్రం అదే స్వాతంత్ర్యం. అమెరికాలో ఉన్న మేనల్లుడు అక్కడ పాతబడిన 27 మెగాహెర్ట్జ్ సెట్లు రెండు పట్టుకొచ్చాడు. క్లబ్బు నడపడమంటే ఏమిటో ఆ సెట్లే నేర్పాయి. ఆ బ్యాండులో ఆరు చానళ్లు, ఒక్కోదానికి ఒక రంగు: గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం. పసుపు చానల్ మీద ఒకడు ఎగరేస్తుండగా ఇంకొకడు పసుపు సెట్టు ఆన్ చేశాడా, పైనున్న గ్లైడరుకి పిచ్చెక్కి నేలకి కొట్టుకుంటుంది. అందుకని ఏ చానల్ వాడు ఆ రంగు గుడ్డముక్క యాంటెన్నాకి కట్టుకోవాలి. ఆ రంగు గుడ్డ ఒక్కటే ఉంటుంది, అది చేతికి రానిదే సెట్టు ముట్టకూడదు. ఎన్ని దేశాల్లో ఎన్ని క్లబ్బులున్నా మూల నిబంధన ఇదే. డొంక పక్క ఇంట్లో చంటిపిల్లాడు రిమోట్ కారు ఆడుకుంటున్నా మాకు ముప్పే, అదీ అదే బ్యాండు. తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చి ఈ బెడద పోయింది. రంగు గుడ్డలు పోయాక కుర్రాళ్లు ఒకరి కోసం ఒకరు ఆగడం కూడా తగ్గిందని నా ఫిర్యాదు. ముసలాడి గొణుగుడు అనుకోండి.

గ్లైడర్ని పైకి పంపే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది. నేలలో గూటం కొడతాం. దానికి ముప్పై మీటర్ల రబ్బరు గొట్టం, రబ్బరుకి వంద మీటర్ల నైలాన్ తాడు, చివర ఇనప రింగు, రింగు దగ్గర ఎర్ర గుడ్డ. తాడు చీరాల దగ్గర ఓడరేవులో వలలవాళ్ల దగ్గర కొంటాం. రింగుని గ్లైడరు పొట్ట కింది కొక్కేనికి తగిలించి గాలికి ఎదురుగా నిలబడి వెనక్కి లాగాలి. ఎంత లాగాలో కొలవడానికి పత్తి తీత కూలీలకి తూకం వేసే స్ప్రింగు కాటా వాడతాం. ఎనిమిది కిలోలు చూపిస్తే చాలు. వదిలితే గాలిపటం లేచినట్టు నిటారుగా లేస్తుంది, తాడు మొత్తం ఎత్తు తిన్నాక రింగు దానంతటదే జారి, ఎర్ర గుడ్డ గాల్లో ఆడుతూ దిగుతుంది. ఆ క్షణం నుంచి మిగిలిందంతా గాలిని వెతకడమే.

మా రైతులు రిమోటుకి అలవాటు పడ్డది మాత్రం మా వల్ల కాదు, పురుగు వల్ల. ఈ నేలకి పురుగుమందు చరిత్ర పాతది. 1980లలో తెల్లదోమ పత్తిని ముంచింది, ఆ దశాబ్దం చివర ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చదివింది. చేతిపంపు పోయి తైవాన్ పంపు వచ్చింది. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడింది, పూతలో చేరి కాయ పట్టనివ్వలేదు. దాదాపు అదే కాలంలో మందు కొట్టే డ్రోన్లు చేలల్లోకి వచ్చాయి. పది లీటర్ల ట్యాంకు, ఎకరం పది నిమిషాల్లో పూర్తి. గుంటూరు పక్కన లాంలో ఉన్న ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్లకి శిక్షణ ఇస్తోంది. కేంద్రం నమో డ్రోన్ దీదీ పేరుతో 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇవ్వాలని పథకం పెట్టింది. మా క్లబ్బులో బెండు విమానంతో మొదలెట్టిన కుర్రాడొకడు ఇప్పుడు మిరప చేలకి మందు కొట్టి బతుకుతున్నాడు. సంతోషమే. కానీ డ్రోను దానంతటదే గాల్లో నిలబడుతుంది, గాలి ఎటు పోతోందో నడిపేవాడికి తెలియక్కర్లేదు. గ్లైడరు ఎగరేసినవాడికి తెలియకపోతే అయిదు నిమిషాల్లో కింద ఉంటాడు. మందు పక్క చేను మీద పడకుండా కొట్టడానికి ఈ రెండో విద్య అవసరం.

పెద్దవాళ్ల ఆకాశం మాత్రం ఆగలేదు. అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద 16వ నంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల ముక్కని అత్యవసర రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబరులో, 2024 మార్చిలో వాయుసేన అక్కడ విమానాలతో పరీక్షించింది. సూర్యలంక వాయుసేన స్థావరంలో 2023 డిసెంబరులో ఒకే ఆకాశ్ క్షిపణి యూనిట్ ఏకకాలంలో నాలుగు లక్ష్యాలని కూల్చింది. లక్ష్యాలంటే మనిషి లేని విమానాలే. మా ఆటకి దూరపు చుట్టాలు.

చట్టం ఇప్పుడు మునుపటిలా లేదు. 2014 అక్టోబరులో పౌరులు డ్రోన్లు ఎగరెయ్యొద్దని నోటీసు ఇచ్చారు. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ రూల్స్ చాలా వదులు చేశాయి. 250 గ్రాముల లోపు నానో తరగతికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు కిలోల లోపు వాటికీ వ్యాపారం కోసం కాకపోతే అక్కర్లేదు. ఎగరేసే ముందు ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో మీ ఊరు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, 400 అడుగులు దాటకూడదు, సూర్యలంక దరిదాపులకి పోకూడదు. చేత్తో విసిరి ఎగరేసే మీటరు రెక్క గ్లైడరు 250 గ్రాముల లోపే చెయ్యొచ్చు. హైస్కూలు పిల్లలకి అదే సరైనది.

కనక చిలకలూరిపేట, పర్చూరు, ప్రత్తిపాడు చుట్టుపక్కల రైతులకి నాదొక విన్నపం. పత్తికట్టె పీకేసి, ఇంకా దుక్కి పడని చేను, పైన కరెంటు తీగలు లేనిది మీకుంటే, ఏప్రిల్, మే నెలల్లో ఆదివారం పొద్దుటిపూట మీ ఊరి బడి పిల్లలకి వదలండి. తాడూ, రబ్బరూ, గూటమూ మేం తెచ్చుకుంటాం. కాటా మాత్రం మీది ఇవ్వాలి.