వేదమువారి గ్రామ్యభాషావాదము

వేదము వేంకటరాయశాస్త్రులవారు (1853–1929) రచించిన 'గ్రామ్యభాషాప్రయోగ నిబంధనము'ను నేను బలుమాఱు చదివితిని. చదివినప్పుడెల్ల దాని సిద్ధాంతము నాకు సమ్మతము గాలేదు. అయినను జదువుట మానలేదు. "ఆయన గ్రాంథికపక్షమువారు, మనకేల?" యని నెల్లూరున నొక పాఠశాలాపండితుఁడు నాతో ననెను. ఆయనకు నాఁడు చెప్పలేకపోయిన సమాధాన మిది.

సంస్కృతనాటకములయందు రాజాదులు సంస్కృతమును, స్త్రీలును నీచపాత్రములును బ్రాకృతములను బలుకుట సంప్రదాయము. తెనుఁగున సంస్కృతమునకు బదులు లక్షణభాషయు, బ్రాకృతమునకు బదులు గ్రామ్యమును నిలుచునని శాస్త్రులవారి వాదము. 1858లో బాలవ్యాకరణము వెలువడినది మొదలు గ్రామ్యమన్న నుల్కిపడు పండితులనడుమ నీ మాట సామాన్యమైనది కాదు. ఆయన 1891లో నాగానందాంధ్రీకరణమునఁ బాత్రోచితభాషను బ్రవేశపెట్టి, 1897లోఁ బ్రతాపరుద్రీయమున దానిని బెంచి, 1899లో నెల్లూరున ఆంధ్రభాషాభిమాని సమాజమును నెలకొల్పి తన నాటకములను రంగమునకెక్కించిరి.

నా యాక్షేపము లివి. ప్రాకృతములకు వరరుచ్యాదుల వ్యాకరణములు గలవు. కవులు వానిని శాస్త్రముఖమున నేర్చిరి. చాకలి పేరిగాని మాటలో? అవి శాస్త్రులవారు చెవియొగ్గి విన్నవి. ఉపమానము చెడినది గాని, చెడి నాటకమునకు మేలే చేసినది. మఱియు భాష పాత్రముయొక్క పుట్టుకనుబట్టి యేర్పడునా, సందర్భమునుబట్టియా? మైపాడుతీరమునఁ బట్టపువాఁడు కచేరి యధికారితో నొకతీరునఁ, బడవచెంత నొకతీరున మాటలాడును. పండితులు మాత్రము? సభలో నొకభాష, భోజనపంక్తిలో నొకభాష. ప్రతాపరుద్రీయముననే మంత్రి యుగంధరుఁడు పిచ్చివాని వేషమునఁ బిచ్చివాని మాటలే పలుకును. వేషధారికి మినహాయింపు గలదందురేమో. ఆ మినహాయింపే నా పక్షమునకుఁ జాలును. ఆ 1897లోనే ముద్రితమైన గురజాడవారి కన్యాశుల్కమున నగ్రహారీకులును వాడుకమాటలనే పలికిరి.

1911 తరువాత వాదము చెలరేఁగినప్పుడు శాస్త్రులవారు గ్రాంథికపక్షముననే నిలిచిరి. చాకలివానికి రంగస్థలముపై నిచ్చిన చనువును బడిపుస్తకమునఁ బాలుర కీయలేదు. ఇది నాకు నేఁటికిని గష్టముగానే తోఁచును.

అయినను వారిని జదువునప్పుడు నా పక్షములోని లోపములు నాకుఁ దెలిసినట్లు స్వపక్షగ్రంథములు చదువునప్పుడు తెలియవు. ఒక యుదాహరణము. శాస్త్రులవారి నెదుర్కొనుటకు నెల్లూరి తిక్కననే సాక్షిగాఁ బిలిచితిని. విరాటపర్వమున భీముఁడు వంటవాఁడై వలలుఁడను పేరఁ గొలువుచేరియు దన భాషను మార్పఁడు. రాజును, సేవకుఁడును, దాసియు నొక్క తెనుఁగే పలుకుదురు, స్వరము మాత్రమే భిన్నము. ఇది పాత్రభేదమునకు భాషాభేద మక్కఱలేదనుటకుఁ బ్రబలనిదర్శనమని యుప్పొంగితిని. మఱల నిబంధనమును దెఱచి నాలుగుపుటలు చదువునంతలో శాస్త్రులవా రేమందురో తెలిసినది: అది శ్రవ్యకావ్యము, పద్యబద్ధము, రంగముపై నిలిచి మాటలాడు మనుష్యునకుఁ బద్యములోని తెనుఁగు ప్రమాణమెట్లగును? వ్యావహారికవాదినైన నే ననవలసినమాటయే అది. దానికి నాయొద్ద నింకను బ్రత్యుత్తరము లేదు.