కేన్సర్ చికిత్సలో స్టెరాయిడ్లు: చిన్న మాత్ర, పెద్ద చరిత్ర

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగింది. అటువంటి రోజుల్లో దుమ్ముగూడెం, చర్ల వైపు దారులు మునుగుతాయి. అడవిలోని గూడేలకు వాగులే సరిహద్దులవుతాయి. ఆసుపత్రికి రావలసినవారు రాలేరు, మందులు చేరవలసినచోటికి చేరవు.

నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో, అటువంటి వానల తరువాత ఒక మధ్యవయస్కుణ్ణి ట్రాక్టరుపై తీసుకొని వచ్చారు. ఊపిరితిత్తిలో పుట్టిన కేన్సర్ ఆయన మెదడుకు పాకింది. హైదరాబాదులో రేడియేషన్ చికిత్స పొంది, వాడవలసిన మాత్రలతో ఇంటికి వచ్చాడు. మా వద్దకు వచ్చేసరికి మగతగా ఉన్నాడు. ఆగని వాంతులు. రక్తపీడనం బాగా పడిపోయింది. జబ్బు ముదిరిందని, ఇక ఆశ లేదని బంధువులు అప్పటికే నిశ్చయించుకున్నారు. మందుల సంచి చూపించమన్నాను. అందులో డెక్సామెథసోన్ మాత్రల ఖాళీ అట్టలు మాత్రమే ఉన్నాయి.

"ఇవి ఎన్నాళ్ళయింది అమ్మా అయిపోయి?" అని ఆయన భార్యను అడిగాను.

"వారం దాటింది సారూ. పైసలు లేక కాదు, వాగు దాటలేక ఆగినయి. చిన్న గోళీలే కదా, నాలుగు రోజులు లేకుంటే ఏమయితది అనుకున్నం" అన్నది.

సెలైనుతోపాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాము. మరునాటి ఉదయానికి ఆయన లేచి కూర్చొని జావ అడిగాడు. కేన్సర్ నయం కాలేదు. అయినా, ఆ తరువాత కొన్ని నెలలు ఆయన తనవారి మధ్య తెలివితో గడిపాడు. ఆనాడు ఆయనను మృత్యుముఖానికి చేర్చినది కేన్సర్ ఒక్కటే కాదు, అకస్మాత్తుగా ఆగిపోయిన మందు కూడా. ఈ ప్రమాదాన్ని వైద్యలోకం 1952లోనే గుర్తించింది. అయినా ఆ తెలివిడి మందుతోపాటు ఆ గూడెం వరకు ప్రయాణించలేదు. అందుకే ఈ చరిత్ర చెప్పవలసి వస్తున్నది.

మన మూత్రపిండాలపై టోపీల వలె రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వీటిని అధివృక్క గ్రంథులు లేక అడ్రినల్ గ్రంథులు అంటారు. ఇవి పాడైనవారు నీరసించి, శుష్కించి మరణిస్తారని 1855లో ఇంగ్లండు వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించాడు. ఇందుకు విరుద్ధమైన స్థితిని 1932లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ వివరించాడు. ఆ రోగులలో ముఖం చంద్రబింబంలా గుండ్రమవుతుంది, పొట్ట పెరుగుతుంది, కాళ్ళు చేతులు సన్నబడతాయి, చర్మం పలుచనవుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. ఆ గ్రంథుల స్రావం తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. స్టెరాయిడ్ల చరిత్ర అంతా ఈ రెండు గట్ల మధ్యనే సాగింది.

ఆ స్రావాలను ఎడ్వర్డ్ కెండాల్, తడియస్ రైక్‌స్టైన్ విడదీశారు. వాటిలో ఒకటైన 'కాంపౌండ్ ఇ'ని కెండాల్ బృందం 1944లో ఎలుకలకు ఇచ్చినపుడు వాటి లింఫు కణుతులు తగ్గాయి. మరి నాలుగేళ్ళకు, 1948 సెప్టెంబరు 21న, మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అదే పదార్థాన్ని కీళ్ళవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ళ యువతికి ఇచ్చాడు. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. వారం తిరిగేసరికి బజారుకు వెళ్ళి వచ్చింది. ఈ పదార్థానికే కార్టిసోన్ అని పేరు పెట్టారు. కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ తెలుగువారు స్మరించవలసిన పేరు ఒకటి ఉంది. భద్రాచలం దాటిన గోదావరి పాపికొండల నడుమగా రాజమహేంద్రవరం చేరుతుంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ రాజమహేంద్రవరంలోనే చిన్నప్పుడు చదువుకున్నారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ సోకిన పిల్లలకు వాడాడు. చికిత్స పొందిన 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. మరునెలలో కార్టిసోన్‌ను తొలిసారి కీళ్ళవాతానికి వాడారు.

కార్టిసోన్‌తోను, అధివృక్క గ్రంథులను ప్రేరేపించే ఎ.సి.టి.హెచ్. తోను లింఫు కేన్సర్లు, రక్త కేన్సర్లు కరగడాన్ని 1949 నుండి వైద్యులు గమనించారు. అయితే కొన్ని వారాలకే జబ్బు తిరగబెట్టేది. ఏ మందూ ఒంటరిగా చాలదని అర్థమైన తరువాత, 1960ల ఆరంభంలో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైఖ్ నాలుగు మందులను కలిపి వాడారు. అవి విన్‌క్రిస్టీన్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్. వీటిలో మెథోట్రెక్సేట్ సుబ్బారావు గారి బృందం నుండి వచ్చినదే. ప్రెడ్నిసోన్ 1955లో వెలువడిన కొత్త స్టెరాయిడ్. ఒకనాడు వారాలలో మరణించిన పిల్లలు నేడు పెక్కుమంది పూర్తిగా కోలుకోవడానికి ఆ కలయికే పునాది.

ఈ మేలుకు వెనువెంటనే కీడు కూడా బయటపడింది. స్టెరాయిడ్ అణువు కణంలోని ఒక గ్రాహకానికి తగులుకొని కేంద్రకంలోకి వెళ్ళి, కొన్ని జన్యువుల పనిని పెంచుతుంది, కొన్నింటిని అణచివేస్తుంది. లింఫు కేన్సర్ కణం ఆ ఆదేశానికి మరణిస్తుంది. కాని అదే గ్రాహకం కాలేయంలోను, కండరంలోను, ఎముకలోను, మెదడులోను ఉంది. అందుచేత కాలేయం చక్కెరను అధికంగా విడుదల చేస్తుంది, కండరం కరుగుతుంది, ఎముక పలుచనవుతుంది, నిద్ర చెడుతుంది. కార్టిసోన్ వచ్చిన తొలి సంవత్సరాలలోనే మధుమేహం, జీర్ణాశయ వ్రణాలు, వెన్నెముక విరుగుళ్ళు, మతి చలించడం, అణగి ఉన్న క్షయ తిరగబెట్టడం వైద్యులు చూశారు. కుషింగ్ వర్ణించిన చంద్రబింబ ముఖం ఇపుడు మందు వలన కనిపించసాగింది.

అన్నిటిలోను గంభీరమైన పాఠం 1952లో ప్రచురితమైంది. కీళ్ళవాతానికి కొన్ని నెలలు కార్టిసోన్ వాడిన 34 ఏళ్ళ వ్యక్తి, తుంటి శస్త్రచికిత్స తరువాత ఎంతకూ కోలుకోని షాక్‌కు లోనై మరణించాడు. మరణానంతర పరీక్షలో అతని అధివృక్క గ్రంథులు కుంచించుకొనిపోయి కనిపించాయి. బయటి నుండి స్టెరాయిడ్ సమృద్ధిగా అందుతుంటే మెదడు ఆ గ్రంథులకు ఆజ్ఞలివ్వడం మానుతుంది. పని లేని గ్రంథులు నిద్రపోతాయి. మందు అకస్మాత్తుగా ఆగినా, జ్వరమో శస్త్రచికిత్సో వచ్చి శరీరానికి అధికంగా అవసరమైనా అవి వెంటనే మేలుకోలేవు. సాధారణంగా మూడు వారాలకు మించి వాడినవారందరినీ ఈ ప్రమాదం ఉన్నవారిగానే భావించాలి. మా రోగికి జరిగినది ఇదే. దానితోపాటు మందు అదుపులో ఉంచిన మెదడు వాపు కూడా తిరిగి పెరిగింది. మెదడు కణుతుల చుట్టూ చేరే వాపును డెక్సామెథసోన్ తగ్గిస్తుందని 1961లో గాలిసిచ్, ఫ్రెంచ్ అనే అమెరికా వైద్యులు చూపినప్పటి నుండి ఆ చికిత్స లోకమంతటా వాడుకలో ఉంది.

ఈ మందు చౌక కావడం వెనుక ఒక దుంప, ఒక బూజు ఉన్నాయి. మొదట కార్టిసోన్‌ను పశువుల పిత్తం నుండి దాదాపు 36 రసాయన దశలలో తయారుచేసేవారు. రసెల్ మార్కర్ 1940లలో మెక్సికో అడవి దుంపల నుండి హార్మోనులు తయారుచేసే మార్గం కనిపెట్టాడు. ఆ పదార్థాన్ని రైజోపస్ జాతి బూజు ఒక్క అడుగులో కార్టిసోన్‌కు చేరువ చేస్తుందని 1952లో పీటర్సన్, ముర్రే చూపారు. ఆ దుంపలు డయోస్కోరియా ప్రజాతికి చెందినవి. మన కోయలు, కొండరెడ్లు అడవిలో తవ్వుకొని తినే దుంపలలో కొన్ని ఆ ప్రజాతివే. అవి తింటే స్టెరాయిడ్ లభిస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దుంపలోని పదార్థాన్ని స్టెరాయిడ్‌గా మార్చే శక్తి మన శరీరానికి లేదు.

ఆ బూజు కథ మాత్రం మన ఇళ్ళ వరకు వచ్చింది. కోవిడ్‌తో ప్రాణవాయువు అవసరమైన రోగులను డెక్సామెథసోన్ కాపాడుతుందని 2020 జూన్‌లో తేలింది. అవసరం లేనివారు కూడా వాడడం, చక్కెర అదుపు తప్పడం వలన 2021లో బ్లాక్ ఫంగస్ చెలరేగింది. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. ఆ వ్యాధికి ముఖ్యకారకం రైజోపస్ జాతి బూజే. ఒకనాడు స్టెరాయిడ్‌ను చౌక చేసిన జాతి, స్టెరాయిడ్ బలహీనపరచిన దేహాలలో కళ్ళను, ప్రాణాలను తీసుకొన్నది.

హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి 1955లో ఆరంభమైంది. అప్పటికి భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో అది ఖమ్మం జిల్లాలో కలిసింది. భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన 1965లో వచ్చింది. ఇప్పుడు దారి ఉంది, 108 వాహనం ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. అయినా మహానగరం 300 కిలోమీటర్లకు పైగా దూరమే. రెండు విడతల చికిత్సల నడుమ రోగి గడిపే రోజులన్నీ ఇంటి వద్దే. స్టెరాయిడ్ వలన కలిగే కష్టాలు ఎక్కువగా కనిపించేదీ అక్కడే.

కనుక రోగులు, వారి కుటుంబీకులు ముందుగా తెలుసుకోవలసినది తమ మాత్ర ఏ పనికి ఇచ్చారన్నది. వాంతులు రాకుండా, ఎలర్జీ కలుగకుండా ఇచ్చేది రెండు మూడు రోజులే. లింఫోమాకు చాలా పద్ధతులలో ఐదేసి రోజులు ఇచ్చి ఆపుతారు. ఇటువంటి వాటిని వైద్యుడు చెప్పిన రోజున ఆపవచ్చు. మెదడు వాపుకు, వెన్నుపాముపై ఒత్తిడికి, రక్త కేన్సర్ తొలిదశకు వారాల తరబడి ఇస్తారు. వీటిని మెట్లు దిగినట్లు క్రమంగా తగ్గించాలి. మాత్ర చిన్నదని తేలికగా చూడవద్దు. 4 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ సుమారు 27 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానం.

మాత్రలను ఉదయం ఆహారం తరువాత వేసుకుంటే కడుపుమంట, నిద్రలేమి తగ్గుతాయి. మధుమేహం లేనివారికి కూడా చక్కెర పెరగవచ్చు. ఉదయం పరగడుపున సరిగా ఉండి మధ్యాహ్నానికి పెరగడం దీని స్వభావం, కనుక భోజనానంతర పరీక్ష కూడా అవసరం. మనిషి అకారణంగా కోపగించినా, దిగులుపడినా, మాటలు తడబడినా అది మందు ప్రభావం కావచ్చు. వారిని మందలించక వైద్యునికి తెలియజేయండి. నల్లని మలం, తొడలలో బలం తగ్గి కూర్చున్నచోటి నుండి లేవలేకపోవడం కూడా చెప్పవలసినవే.

జ్వరం విషయంలో అడవి ప్రాంతంవారు మరింత జాగ్రత్తపడాలి. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పిపుచ్చుతుంది. కీమోథెరపీ పొందేవారికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా, జ్వరం లేకుండా చలి, వణుకు వచ్చినా అదేరోజు ఆసుపత్రికి చేరాలి. మలేరియా ఉన్న ప్రాంతమని కూడా అక్కడ చెప్పాలి. పూర్వం క్షయ వచ్చి ఉంటే మొదటే తెలపాలి. చెప్పులు లేకుండా తడినేలపై తిరిగేవారి పాదాల గుండా ప్రవేశించే స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నని పురుగు పేగులలో ఏళ్ళ తరబడి అణగి ఉండి, స్టెరాయిడ్లు మొదలైన తరువాత దేహమంతటా వ్యాపించగలదు. చికిత్సకు ముందే మలపరీక్ష, అవసరమైతే మందు ఇవ్వడం వలన దీనిని నివారించవచ్చు. ఒళ్ళునొప్పులకని ఊరిలో వేయించుకొనే పేరు తెలియని ఇంజెక్షన్లలో కూడా స్టెరాయిడ్ ఉండవచ్చు. కేన్సర్ చికిత్సలో ఉన్నవారు వాటికి దూరంగా ఉండాలి.

బ్రిటన్‌లో దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడేవారు నీలిరంగు కార్డు ఒకటి వెంట ఉంచుకుంటారు. మనకు ఒక అట్టముక్క చాలు. దానిపై మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, వైద్యుని ఫోను నంబరు తెలుగులో వ్రాయించి, "అకస్మాత్తుగా ఆపరాదు" అని చేర్చి మందుల సంచిలో ఉంచండి. వాంతులతో మాత్ర నిలవకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా దానిని దగ్గరి ఆసుపత్రిలో చూపండి. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ తక్కువ ఖరీదైన పాత మందు. ఆ అట్టముక్క చూసిన వైద్యునికి రోగి కథ మొదటి నుండి అడగవలసిన పని ఉండదు.

ఇక ఏరు దాటి ఉండే గూడేలవారికి ఒక మాట. ఆషాఢం రాకముందే బియ్యం, ఉప్పు, కిరోసిన్ కూడబెట్టుకుంటారు కదా. ఇంట్లో స్టెరాయిడ్ వాడే మనిషి ఉంటే, కనీసం రెండు వారాలకు సరిపోయే మాత్రలు అదనంగా ఇమ్మని వైద్యుణ్ణి అడగండి. వాటిని తడి తగలని డబ్బాలో పెట్టి, ఎన్ని మిగిలాయో వారానికొకసారి లెక్క చూడండి. ఆ పని గోదావరి 43 అడుగులు దాటకముందే జరగాలి.