పట్టుపురుగులో ఆడామగా: ఒక అన్వేషణ చరిత్ర

కోలారు జిల్లా అనగానే లోకానికి బంగారం స్ఫురిస్తుంది. ఆ గనులు 2001లో మూతబడ్డాయి. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెలలో మాత్రం, టిప్పు సుల్తాను కాలంలో మైసూరు సీమకు వచ్చిన పట్టుపురుగుల పెంపకం నేటికీ సాగుతున్నది.

ఈ వృత్తికి మూలం గుడ్లను తయారుచేసే కేంద్రం. అక్కడ మైసూరు జాతి ఆడపురుగును వేరొక జాతి మగపురుగుతో జతపరచి సంకర విత్తనం తీస్తారు. అందుకై గూడు కోసి, లోపలి పురుగు పొట్ట చివర ‘ఎక్స్’ ఆకారపు గుర్తుంటే ఆడదని, చుక్క ఉంటే మగదని వేరుచేస్తారు. తన బరువుతో పోల్చితే మగపురుగే ఎక్కువ పట్టు అల్లుతుంది. కనుక ఈ భేదం ఎక్కడ పుడుతున్నదనేది పండితుల కుతూహలం మాత్రమే కాదు, రైతు రాబడికి సంబంధించిన ప్రశ్న.

మెండెల్ సూత్రాలు పట్టుపురుగుకూ వర్తిస్తాయని జపానుకు చెందిన తోయామా 1906లో నిరూపించారు. డబ్ల్యు అనే క్రోమోజోము గల పురుగు ఆడదవుతుందని 1933లో హషిమోతో తేల్చారు. మానవులలో బిడ్డ ఆడో మగో తండ్రి నుండి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుంది. (ఆడపిల్లను కన్నదని కోడలిని దెప్పే అత్తలు ఈ మాట వినవలసి ఉన్నది.) పట్టుపురుగులో నిర్ణయం తల్లిది. అయితే ఆ క్రోమోజోములో ఈ పనిచేసే జన్యువు ఏదో 80 ఏండ్లు అంతుచిక్కలేదు.

2014లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన కియూచి, కత్సుమా బృందం జవాబు కనుగొన్నది. ఫెమ్ అనే ఆ జన్యువు నుండి పుట్టేది ప్రోటీను కాదు, దాదాపు 30 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ తునక. అది ఒంటరిగా ఏమీ చేయజాలదు. సివి అనే ప్రోటీనుతో జతగూడుతుంది. ప్రోటీను కత్తెర అయితే, ఎక్కడ కత్తిరించాలో చూపేది ఆర్‌ఎన్‌ఏ. మగతనాన్ని కలిగించే మాస్క్ జన్యువు పంపే సందేశ ఆర్‌ఎన్‌ఏను ఈ జంట తెగగొట్టడంతో పిండం ఆడదవుతుంది. మాస్క్ జన్యువు చెక్కుచెదరదు, దాని మాట మాత్రమే ఆగిపోతుంది. ఆడపిండంలో ఫెమ్ తునకను అడ్డగించి చూడగా మగవాటి సందేశాలు కనిపించాయి.

ఇటువంటి కత్తెరనే హైదరాబాదులో డాక్టర్ జె. నాగరాజు బృందం అంతకుముందే మరొక పనికి వినియోగించింది. గ్రాసరీ సోకితే పురుగు ఒళ్లు ఉబ్బి, చర్మం పగిలి తెల్లని ద్రవం కారుతుంది. తట్టలకు తట్టలు పారబోసిన ఇళ్లకు ఆ నష్టం తెలుసు. ఆ వైరస్‌కు ప్రాణాధారమైన పలు జన్యువుల సందేశాలను పురుగు శరీరమే కత్తిరించేటట్లు వారు కొత్త పురుగులను రూపొందించారు. ఆ పరిశోధన 2013 జనవరి ‘జెనెటిక్స్’ పత్రికలో అచ్చయింది. నాగరాజు 2012 డిసెంబరు 31న కన్నుమూశారు.