ఒక్క ల్యాప్‌టాప్, రెండు ప్రాజెక్టులు: వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఎలా పుట్టింది?

ఈరోజు ఎపిసోడ్ నాకు చెమటలు పట్టిన ఒక రాత్రితో మొదలుపెడతా.

2018. నా ఫస్ట్ జాబ్. చేతిలో రెండు ప్రాజెక్టులు. పాతది జాంగో 1.11 మీద నడుస్తోంది, కొత్తదానికి జాంగో 2.0 కావాలి. పిప్‌తో ఇన్‌స్టాల్ కొట్టేశా. కొత్తది బ్రహ్మాండంగా లేచింది. పాతది రన్ చేస్తే ఎర్రర్! 2.0 నుంచి ఫారిన్ కీకి ఆన్‌-డిలీట్ కచ్చితంగా రాయాలి, మా పాత కోడ్‌లో అది లేదు. పొద్దున్నే దాని డెమో. వెనక్కి 1.11 వేస్తే కొత్తది పడిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఎందుకిలా? మనం పిప్‌తో వేసే లైబ్రరీలన్నీ సైట్-ప్యాకేజెస్ అనే ఒకే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. అక్కడ ఒక లైబ్రరీకి ఒక్క వెర్షనే. కొత్తది వస్తే పాతది ఖాళీ చేయాల్సిందే.

ఈ తలనొప్పి నాకంటే ముందు చాలామందికి వచ్చింది. 2007లో ఇయాన్ బికింగ్ అనే ప్రోగ్రామర్ వర్చువల్‌ఎన్వ్ తెచ్చారు. ప్రాజెక్టుకో ఫోల్డర్, అందులో సొంత సైట్-ప్యాకేజెస్. మరుసటి ఏడాది పిప్ మొదలుపెట్టిందీ ఆయనే! కానీ ఇది బయటి టూల్. పైథాన్‌ని కాపీ చేసి, లోపలి ఫైల్ మార్చి, ఒకరకంగా దాన్ని మభ్యపెట్టి పని చేయించుకునేది.

తర్వాత కార్ల్ మేయర్ పెప్ 405 ప్రతిపాదన రాశారు. ఐడియా సింపుల్: ఎన్విరాన్‌మెంట్‌లో ఒక చిన్న కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది, అది కనిపిస్తే పైథానే తన లైబ్రరీల చోటు మార్చుకుంటుంది. అలా 2012లో పైథాన్ 3.3తో పాటు వెన్వ్ వచ్చింది. 2014లో 3.4 నుంచి అందులో పిప్ కూడా రెడీగా ఉంటోంది.

మరి యాక్టివేట్ ఏం చేస్తుంది? ముఖ్యంగా పాత్ మారుస్తుంది, అంతే. మ్యాజిక్ ఏమీ లేదు.

2023లో వచ్చిన డెబియన్ 12లో అయితే సిస్టమ్ పైథాన్ మీద నేరుగా పిప్ ఇన్‌స్టాల్ కొడితే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. తిట్టుకోకండి. ఆపరేటింగ్ సిస్టమ్ సొంత టూల్స్ కొన్ని అదే పైథాన్ మీద బతుకుతున్నాయి మరి.

ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని, 1.11 తిరిగి వేసి డెమో గట్టెక్కించా. బాధేంటంటే, పరిష్కారం నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది! నాలుగేళ్ల బీటెక్‌లో ఆ ఒక్క కమాండ్ గురించి నాకెవరూ చెప్పలేదు. అందుకే మీకు చెప్తున్నా: కొత్త ప్రాజెక్టుకి కోడ్ కంటే ముందు వెన్వ్ క్రియేట్ చేయండి. ఆ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టకండి, రిక్వైర్‌మెంట్స్ ఫైల్ పెట్టండి చాలు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!