పెరటి కోళ్ల మందలో కొత్త పిల్లలను కలపడం

తల్లి లేకుండా బల్బు వెచ్చదనంలో పెరిగిన కోడిపిల్లలను అప్పటికే స్థిరపడిన మందతో కలిపే పద్ధతి ఇది. మేడ్చల్, శామీర్‌పేట వంటి ప్రాంతాల పెరళ్లకు అనువైన వనరాజా, గ్రామప్రియ రకాలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించింది. వీటి పిల్లలను సాధారణంగా తొలి ఆరు వారాలు వేరుగా పెంచి, రాణిఖేత్ అనే కొక్కెర తెగులుకు టీకాలు వేయించాకే ఆరుబయటికి వదులుతారు.

నాటుపెట్ట పొదిగిన పిల్లలను తల్లే కాచుకుంటూ మందలో తిప్పుతుంది కనుక వాటికి మందలో కలవడంలో చిక్కు అంతగా ఉండదు. తల్లి లేని వాటి స్థితి వేరు. ఏ కోడి ముందు మేత తినాలో, ఏది పక్కకు తప్పుకోవాలో ముక్కుపోట్లతో తేల్చే ‘పొడుపు వరుస’ ఒకటి మందలో ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె 1920ల తొలినాళ్లలో వివరించాడు. కొత్తవి రాగానే ఆ వరుస చెదిరి, పెద్దకోళ్లు వాటిని నెత్తురు కారేలా పొడుస్తాయి. అందుకే పిల్లలను ఒకటి రెండు వారాలు జాలీ అవతల మందకు కనబడేలా ఉంచి, ఒక్కొక్కటిగా కాక గుంపుగా, చీకటి పడ్డాక గూట్లోకి చేర్చడం మేలైన మార్గం. మేత తొట్లు కూడా వేరుగా ఉండాలి, ఎందుకంటే గుడ్ల కోళ్ల దాణాలో 3–4 శాతం దాకా ఉండే కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గాయపడిన పిల్లను వెంటనే వేరు చేయకపోతే, నెత్తురు చూసిన మిగతా కోళ్లు దానిని చచ్చేదాకా పొడిచే ప్రమాదం ఉంది.